అమెరికా పాత ఇంట్లో చెక్క ప్యానెలింగ్‌కు రంగు: నా అనుభవం

అమెరికాలో 1960, 70ల నాటి ఇల్లు కొన్న మనవాళ్లకు ఫ్యామిలీ రూమ్‌లోనో బేస్‌మెంట్‌లోనో ముదురు గోధుమరంగు చెక్క ప్యానెలింగ్ (గోడలకు కప్పిన చెక్క పలకలు, షీట్లు) తరచూ తగులుతుంది. పీకేద్దామనిపిస్తుంది. కానీ వెనక డ్రైవాల్ (జిప్సం పలకల గోడ) లేకుండా ఉత్త స్టడ్సే (గోడ లోపలి నిలువు కర్రలే) ఉండొచ్చు, ఉన్నా జిగురుకు అంటుకుని ముక్కలుగా ఊడిరావచ్చు. అందుకే మేం పీకకుండా రంగు వేశాం.

ముందు అది ఏ రకమో చూడాలి. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తు షీట్లయితే పల్చటి ప్లైవుడ్డో హార్డ్‌బోర్డో అయి ఉంటుంది. చాలావాటిలో పైన కనబడే చెక్క గీతలు ఉత్త అచ్చే. విడివిడి పలకలు, నల్లటి ముడులు ఉంటే అది నాటీ పైన్, అసలైన కర్ర. బేస్‌మెంట్‌లో షీటు అడుగు అంచు ఉబ్బి మెత్తబడితే రంగు జోలికి పోవద్దు, ముందు తేమ సంగతి తేల్చుకోవాలి. ప్యానెల్ మీద ఇప్పటికే పాత రంగు ఉంటే సీసం పరీక్ష చేయించకుండా గీకవద్దు. ఇళ్ల రంగుల్లో సీసాన్ని అక్కడ నిషేధించింది 1978లో.

ఏళ్ల తరబడి కొట్టిన ఫర్నిచర్ పాలిష్ స్ప్రే అసలు శత్రువు. అందులోని సిలికాన్ ఉన్నచోట ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) నిలవదు, గుండ్రటి గుంటలు పడి పక్కకు జరిగిపోతుంది. మినరల్ స్పిరిట్స్‌తో (రంగు పల్చన చేసే ద్రావకంతో) గుడ్డలు మార్చి మార్చి తుడిచి, తర్వాత టీఎస్‌పీ (ట్రైసోడియం ఫాస్ఫేట్ అనే జిడ్డు వదిలించే పొడి) కలిపిన నీళ్లతో కడగాలి. ఆ టీఎస్‌పీ తెల్లటి పొడిగా మిగిలితే రంగు పట్టదు కాబట్టి మంచినీళ్లతో రెండుసార్లు తుడిచి రాత్రంతా ఆరనివ్వాలి. వాడిన గుడ్డలను ఉండ చుట్టి మూల పడేయకుండా బయట పరిచి ఆరేయాలి.

సాండ్ పేపర్ 150 నంబరు చాలు. మెరుపు పోగానే ఆపాలి, ఇంకా రుద్దితే పై పొర చిరుగుతుంది. పైకి లేచిన మేకులను లోపలికి దిగగొట్టి లప్పం పెట్టాలి.

ప్యానెల్ మీది నిలువు గాడులు పూడ్చి గోడలా నున్నగా చేయాలనే ఆశ మానుకోండి. శీతాకాలంలో హీటర్ వేడికి ప్యానెల్ కుంచించుకుపోతుంది, వేసవి తేమకు సాగుతుంది. పూడ్చినచోట సన్నటి పగుళ్లు ఖాయం. మూలల్లో, ట్రిమ్ (తలుపులు, కిటికీల చుట్టూ ఉండే చెక్క పట్టీ) పక్కన మాత్రం అక్రిలిక్ కాక్ (సందులు పూడ్చే మెత్తటి ముద్ద) వాడాలి. సిలికాన్ కాక్ మీద రంగు నిలవదు. విడి పలకలైతే శీతాకాలంలోనే రంగు వేయడం మేలు, అప్పుడు సందులు తెరుచుకుని ఉంటాయి. ఎండాకాలంలో వేస్తే చలికి సందు విప్పుకుని లోపలి పాత రంగు గీతగా కనబడుతుంది.

చేసిన పని ఎన్నాళ్లు నిలుస్తుందన్నది ప్రైమర్ మీదే ఆధారపడుతుంది. పైన్ ముడుల్లోని జిగురు, చెక్కలో సహజంగా ఉండే రంగు పదార్థం టానిన్ మామూలు నీటి ప్రైమర్‌లోంచి పైకి ఊరి తెల్లరంగు మీద పసుపు మరకలవుతాయి. ఎన్ని పూతలు వేసినా మళ్లీ వస్తాయి. వాటిని ఆపేది షెల్లాక్ ప్రైమర్. మన ఏటికొప్పాక బొమ్మలకు పట్టించే లక్కే దీనికీ మూలం, ఈ ప్రైమర్‌లో అది ఆల్కహాల్‌లో కరిగి ఉంటుంది. ముప్పావు గంటలో రెండో పూతకు సిద్ధం. వాసన మాత్రం ఘాటు, ఆవిరికి నిప్పు అంటుకుంటుంది. గ్యాస్ వాటర్ హీటర్‌లో ఎప్పుడూ వెలిగే చిన్న పైలట్ మంట ఆర్పి, కిటికీలు తెరిచి పనిచేయాలి. బ్రష్‌లు నీళ్లతో పోవు, డీనేచర్డ్ ఆల్కహాల్ (తాగడానికి పనికిరాని స్పిరిట్) కావాలి. ముడులకు ముందుగా విడిగా ఒక పూత పూసి, తర్వాత గోడంతా వేయాలి.

పన్నెండు బై పద్నాలుగు గది, ఎనిమిదడుగుల ఎత్తు అంటే గోడలు 416 చదరపు అడుగులు. తలుపులు, కిటికీలు తీసేస్తే ప్రైమర్ ఒక గ్యాలన్, రెండు పూతలకు రంగు రెండు గ్యాలన్లు. గాడులు కొంత అదనంగా తాగుతాయి.

రెండంగుళాల వాలు బ్రష్‌తో ముందు గాడులు, వెంటనే అదే షీటు మీద 3/8 అంగుళం న్యాప్ (నూగు పొడవు) ఉన్న రోలర్. గదంతా గాడులు పూసి తర్వాత రోలర్ పట్టుకుంటే అంచులు ఆరిపోయి చారలు మిగులుతాయి. గాడి అడుగున రంగు మడుగు కడుతుంది, పొడి బ్రష్‌తో పైనుంచి కిందికి ఒకసారి లాగాలి. పై రంగుగా శాటిన్ (ఓ మోస్తరు మెరుపున్న) అక్రిలిక్ ఎంచుకోండి. ఎక్కువ మెరుపు ఉంటే ప్రతి వంకరా కనబడుతుంది.

చేతికి అంటకపోయినా రంగు పూర్తిగా గట్టిపడటానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. అప్పటిదాకా సోఫా వీపును గోడకు ఆనించవద్దు.