పత్తి మీద పత్తి వేసిన కాలు

వెనక నుంచి ఎవరో తన్నారనుకున్నాను. ఊరికే అనడం కాదు, "ఎవడ్రా అది" అంటూ వెనక్కి తిరిగాను కూడా. గోడ తప్ప ఎవరూ లేరు. 2024 నవంబర్, ఆదివారం పొద్దున, హనుమకొండలో మా బ్యాచ్ పదిహేనేళ్లుగా ఆడుతున్న ఇండోర్ షటిల్ కోర్టు. డబుల్స్‌లో మూడో గేమ్, ఎడమ పక్క వెనక మూలకు పోయి తల మీదుగా షటిల్ కొట్టి ముందుకు ఉరకబోయాను, ఎడమ మడమ పైనుంచి టప్ మని చప్పుడు వచ్చింది. పక్క కోర్టు వాళ్లకు కూడా వినపడిందట, ఎవరి రాకెట్టో విరిగిందనుకున్నారట.

నొప్పి ఒక నిమిషం గట్టిగా వచ్చి తగ్గిపోయింది. అక్కడే మోసపోయాను. కుంటుకుంటూ నడవగలిగాను, స్కూటీ కూడా నడిపాను. ఆ రోజే దగ్గర్లో ఉన్న ఒక క్లినిక్‌కు పోతే ఎక్స్‌రే తీసి, ఎముక బాగుంది, పాదం కిందికి వంచగలుగుతున్నారు, బెణుకే అని క్రేప్ బ్యాండేజ్ చుట్టి పంపారు. ఎక్స్‌రేలో ఎముకే కదా కనపడేది. పాదాన్ని కిందికి వంచడానికి పెద్ద పిక్క కండరమే అక్కర్లేదు, పక్కనున్న చిన్న కండరాలు కూడా ఎంతోకొంత ఆ పని చేస్తాయి, ఇది నాకు తర్వాత తెలిసింది. నాలుగు రోజులు అట్లాగే షాపులో కూర్చున్నాను. నాది వరంగల్‌లో విత్తనాలు, ఎరువుల షాపు. యాసంగి మక్కల విత్తనాలకు గిరాకీ ఉన్న రోజులు, కాలు చూసుకునే తీరిక ఎక్కడిది.

ఐదో రోజు మా బావమరిది బలవంతంగా ఎముకల డాక్టర్ దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన నేను కథ మొదలుపెట్టకముందే "వెనక్కి తిరిగి చూశారా?" అని అడిగాడు. పిక్క కండరాన్ని మడమకు కట్టే అచిలిస్ టెండన్ తెగినవాళ్లలో చాలామంది అదే చెప్తారట, ఎవరో తన్నారనో, రాయి తగిలిందనో. బోర్లా పడుకోబెట్టి కుడి పిక్క పిసికితే పాదం కదిలింది. ఎడమ పిక్క పిసికితే కదల్లేదు. అంతే పరీక్ష, పైసా ఖర్చు లేదు. తర్వాత స్కానింగ్‌లో కూడా అదే వచ్చింది, మడమకు నాలుగు సెంటీమీటర్ల పైన అచిలిస్ టెండన్ పూర్తిగా తెగింది. ఒంట్లో అన్నిటికన్నా మందమైన టెండన్ అదే. కానీ ఆ చోట రక్తం సరఫరా తక్కువ, అందుకే ఎక్కువగా అక్కడే తెగుతుందట. బంధువులందరూ ఫోన్లు చేసి "లిగమెంట్ తెగిందట కదా" అన్నారు. లిగమెంట్ ఎముకను ఎముకతో కట్టేది, టెండన్ కండరాన్ని ఎముకకు కట్టేది అని మొదట్లో పదిమందికి ఓపిగ్గా చెప్పాను, ఆ తర్వాత నేను కూడా లిగమెంటే అన్నాను.

డాక్టర్ ఇంకో ప్రశ్న అడిగాడు, ఈ మధ్య సిప్రో గానీ లీవోఫ్లాక్ససిన్ గానీ వాడారా అని. సెప్టెంబర్‌లో మూత్రంలో మంట వస్తే మెడికల్ షాపులో అడిగి ఐదు రోజులు సిప్రో మింగాను, చీటీ లేదు ఏం లేదు. ఈ రకం యాంటీబయాటిక్స్ టెండన్‌ను దెబ్బతీయవచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008లోనే మందుతో ఇచ్చే సమాచార కాగితంలో గట్టి హెచ్చరిక వేయించిందట. "దానివల్లే తెగిందని నేను చెప్పలేను, కానీ పొద్దున లేవగానే మడమ పట్టేసినట్టు ఉండేదా?" అన్నాడు. ఉండేది. ఆరు నెలలుగా ఉండేది, రెండు కాళ్లకూ. బాత్రూమ్ దాకా నడిస్తే పోయేది కాబట్టి దాన్ని నేను నొప్పి కిందే లెక్కపెట్టలేదు. కోర్టుకు పోయే ముందు బామ్ రాసుకునేవాణ్ని, అదే నా వార్మప్.

ఆపరేషన్ లేకుండా బూటు వేసి అతికించే పద్ధతి కూడా ఉంది, కొందరికి బాగానే అతుకుతుంది. నాకు ఆలస్యం అయ్యి తెగిన కొసలు దూరం జరిగాయి కాబట్టి కుట్టాల్సిందే అన్నాడు. కుట్టారు. రెండు వారాలు పిండికట్టు, అటక మీది డబ్బా అందుకోబోతున్నట్టు పాదం కిందికి వంచి పెట్టి. ఆ తర్వాత మోకాలి కిందిదాకా పెద్ద బూటు, లోపల మడమ కింద మూడు మెత్తలు, కొన్ని రోజులకొకటి చొప్పున తీసేస్తూ పాదాన్ని మెల్లగా మామూలు స్థితికి తెచ్చారు. రాత్రి కూడా బూటుతోనే పడక. మొదటి మూడు నెలల్లో జారితే మళ్లీ తెగే ప్రమాదం ఎక్కువ అని చెప్పారు కదా, బాత్రూమ్‌లో తడి కనపడితే చాలు గుండె దడ. ఆ టెన్షన్ చూడలేక మా ఆవిడ సమ్మక్కకు మొక్కింది, ఈయన మళ్లీ మామూలుగా నడిస్తే వచ్చే జాతరకు నిలువెత్తు బంగారం ఇస్తానని. నిలువెత్తు బంగారం అంటే మన బరువంత బెల్లం. అప్పుడు నా బరువు 84 కిలోలు.

జనవరిలో ఫిజియోథెరపీ మొదలైంది. చిన్న వయసు అమ్మాయి, పరకాల వైపు నుంచి వచ్చి హనుమకొండలో చిన్న గది పెట్టుకుంది. టేపు తీసుకుని కొలిచింది. ఎడమ పిక్క కుడిదానికన్నా రెండున్నర సెంటీమీటర్లు తక్కువ, అది అనుకున్నదే. తొడలు కూడా కొలిచింది, అక్కడ కూడా తేడా. ఇది కట్టు వల్ల అయిందా, ముందు నుంచే ఉందా అని పాత ఫోటోలు అడిగింది. ఐదేళ్ల కింద మా బ్యాచ్ కప్పు గెలిచినప్పటి ఫోటో ఉంది ఫోన్‌లో, నిక్కర్ల మీద దిగినది. చూపించాను. కుడి తొడ లావు, ఎడమ తొడ సన్నం, కుడి భుజం కిందికి జారి ఉంది. ఇన్నేళ్లుగా గోడకు తగిలించుకున్న ఫోటో, ఒక్కసారి కూడా నా కంటికి ఆనలేదు. కుడిచేత్తో ఆడేవాడు నెట్ దగ్గరికి దూకినప్పుడల్లా కుడికాలే ముందుకు పడుతుంది, వెనక మూలనుంచి తోసుకొచ్చే పని ఎడమ మడమది. పదిహేనేళ్లు, వారానికి ఆరు రోజులు.

"పదిహేనేళ్లుగా వ్యాయామం మానలేదమ్మా" అన్నాను, కొంచెం గర్వంగానే.

"వ్యాయామం ఎక్కడిది అంకుల్, మీరు షటిల్ ఆడుతున్నారు" అంది.

కోపం వచ్చింది. అది తగ్గకముందే మంచి కాలి మీద నిలబడి కళ్లు మూసుకోమంది. కుడి కాలు, దెబ్బ తగలనిది, కప్పు తెచ్చిన కాలు. నాలుగు సెకన్లకే గోడ పట్టుకున్నాను. ఇంటికొచ్చి చెప్తే మా అమ్మాయి ఫోన్‌లో వెతికి, 2022లో వచ్చిన బ్రెజిల్ పరిశోధన ఒకటి చదివి వినిపించింది. 51 నుంచి 75 ఏళ్ల మధ్య 1,702 మందిని ఒంటికాలి మీద పది సెకన్లు నిలబడమంటే ఐదుగురిలో ఒకరు నిలబడలేకపోయారట, తర్వాత ఏడేళ్లలో వాళ్లలోనే చావులు ఎక్కువ కనిపించాయట. వాళ్లు కళ్లు తెరిచే నిలబడ్డారు. పైగా నిలబడలేనివాళ్లలో ముసలివాళ్లు, రోగాలున్నవాళ్లు ఎక్కువ, కాబట్టి ఒంటికాలే చంపిందని కాదు. నాకింకా 48, నేను ఆ లెక్కలోకి రాను అని టీవీ పెట్టుకున్నాను. ఆ రాత్రి నుంచే పళ్లు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడటం మొదలుపెట్టాను, ఎవరికీ చెప్పకుండా.

ఎడమ కాలు మెల్లగా కూడుకుంటుంటే, కుడి మడమ పట్టేయడం అట్లాగే ఉంది. ఇదీ తెగితే ఇక అంతే అని భయం. దానికి ఆ అమ్మాయి చెప్పింది 1998లో స్వీడన్ డాక్టర్ ఆల్ఫ్రెడ్‌సన్ పెట్టిన పద్ధతి. మెట్టు అంచున మునివేళ్లు ఆనించి, రెండు కాళ్ల మీద పైకి లేచి, కుడి కాలి ఒక్కదాని మీదే మడమను మెట్టు కిందికి మెల్లగా దించాలి. మోకాలు నిటారుగా పెట్టి 15 చొప్పున మూడుసార్లు, మోకాలు కొంచెం వంచి ఇంకో మూడుసార్లు, పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి, 12 వారాలు. రోజుకు 180 అన్నమాట. మోకాలు వంచడం ఎందుకంటే పిక్కలో పైకి ఉబ్బెత్తుగా కనపడే కండరం మోకాలి పైనుంచి మొదలవుతుంది, మోకాలు వంచితే అది వదులై, లోపలున్న రెండో కండరం మీద బరువు పడుతుంది. మొదటి రెండు వారాలు నొప్పి పెరిగింది కూడా, ఆపేద్దామనుకున్నాను, ఆపలేదు. మే నాటికి పొద్దున లేచి మామూలుగా బాత్రూమ్‌కు నడిచాను, ఆరోజు ఏం తేడా ఉందో పది నిమిషాల తర్వాత గానీ తట్టలేదు.

జూన్‌లో వానాకాలం గిరాకీ మొదలైంది. వర్ధన్నపేట వైపు నుంచి ఒక పెద్దాయన ఏటా మా దగ్గరే పత్తి గింజలు కొంటాడు. ఏటా చెప్పే పాఠమే మళ్లీ చెప్పాను, పత్తి మీద పత్తి వేయకు, ఒక రెండెకరాలు కంది పెట్టు, పప్పుజాతి పంట పడితే భూమిలో నత్రజని చేరుతుంది, పత్తి కాయను తొలిచే గులాబీ పురుగుకు ఏటా తిండి దొరక్కుండా పోతుంది అని. (పత్తి గింజలు అమ్ముకుని బతికేవాణ్ని ఇది చెప్పడం విచిత్రమే, కానీ చేను చచ్చిపోతే రేపు నా దగ్గర ఎవరు కొంటారు.) ఆయన అంతా విని నా కాలి దిక్కు చూశాడు.

"మరి నువ్వు పదిహేనేండ్లుగా ఒక్క ఆటే ఆడితివి గద సేటు. కాలు గుంజుకపోదా?"

ఫిజియో అమ్మాయి ఆరు నెలలు చెప్పింది తలకెక్కలేదు గానీ ఇది ఎక్కింది. నా ఒంట్లో కొన్ని కండరాలను పిండి పిండి వాడాను, మిగతావాటిని బీడు పెట్టాను. డబ్ల్యూహెచ్‌వో 2020లో చెప్పిన లెక్క చూస్తే వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, దాంతోపాటు రెండు రోజులైనా కండరాల బలం పెంచే పని. మొదటిది నేను సోమవారం, మంగళవారంతోనే దాటేసేవాణ్ని. రెండోది సున్నా.

ఇక నాకు పూనకం వచ్చింది. ఒకటే వారంలో ఈత, సైకిల్, బస్తాలెత్తడం, పద్మాక్షి గుట్ట మెట్లు, యోగా, అన్నీ మొదలుపెట్టాను. ఎనిమిదో రోజు నడుం పట్టేసి మంచం దిగలేకపోయాను. ఆ అమ్మాయి చివాట్లు పెట్టింది, ఒక్కో కొత్త పని మొదలుపెట్టి ఒళ్లు దానికి అలవాటు పడటానికి రెండు మూడు వారాలు ఇవ్వాలి, ఒకేసారి నాలుగు పంటలు పెడతారా అని. పత్తి సంగతి ఆమెకు నేనే చెప్పాను, నాకే తిప్పికొట్టింది.

బస్తా ఎత్తడం మా హమాలీ దగ్గర నేర్చుకున్నాను. 45 కిలోల యూరియా బస్తాను ఆయన దిండు ఎత్తినట్టు ఎత్తుతాడు, నాకు 25 కిలోల వడ్ల విత్తనాల బస్తా ఇచ్చాడు. "నడుముతోని కాదు సేటు, కూసోని లేవాలె, దాన్ని కడుపుకు ఆనిచ్చుకోవాలె." అయితే హమాలీ పనే మంచి వ్యాయామం అని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోను. ఆయనకు 55 ఏళ్లు, రెండు మోకాళ్లూ అరిగాయి. నేను పన్నెండు సార్లు ఎత్తి, నీళ్లు తాగి, ఎల్లుండి మళ్లీ ఎత్తుతాను. ఆయనకు ఎల్లుండి లేదు, లారీ వచ్చినప్పుడల్లా దించాల్సిందే.

నడక భద్రకాళి బండ్ మీద. ఆ ఏడు చెరువు ఖాళీ చేసి పూడిక తీస్తున్నారు, నీళ్లుండాల్సిన చోట టిప్పర్లు తిరుగుతుంటే మొదట్లో దిగులుగా అనిపించేది, నా కాలు కూడా అట్లాగే తవ్విపోసి ఉంది కదా అని. జనం తక్కువున్నప్పుడు వంద అడుగులు వెనక్కి నడుస్తాను, చూసినవాళ్లు నవ్వుతారు. పద్మాక్షి గుట్ట ఎక్కడం కన్నా దిగడం కష్టం, మెట్టు మెట్టుకూ తొడ బిగబట్టి ఆపుకుంటూ దిగాలి, ఎడమ కాలిని నమ్మడానికి నాకు అక్కడే ఎక్కువ రోజులు పట్టింది. ఈత 48 ఏళ్లకు నేర్చుకున్నాను, పక్కన ఏడేళ్ల పిల్లలు "అంకుల్ కాళ్లు ఆడించండి" అని చెప్తుంటే. ఇప్పటికీ బాగా రాదు.

జులై చివర్లో, ఆపరేషన్ అయిన ఎనిమిది నెలలకు, షాపు కౌంటర్ పట్టుకుని ఎడమ కాలి ఒక్కదాని మీద మడమ పైకి లేపగలిగాను. ఒక్కసారి. లేపి హమాలీని పిలిచి చూపించబోతే రెండోసారి లేవలేదు. డాక్టర్ పెట్టిన షరతు, కుడి కాలు ఎన్నిసార్లు లేస్తే ఎడమది అందులో 90 శాతమైనా లేవాలి, అప్పుడే కోర్టు. నవంబర్‌లో కుడి 25, ఎడమ 23. ఇంకా పిక్కలో ఒక సెంటీమీటర్ తేడా ఉంది, అది పూర్తిగా రాకపోవచ్చని ముందే చెప్పాడు.

ఇప్పుడు షటిల్ వారానికి రెండు రోజులు. పదిహేను నిమిషాలు ఒళ్లు వేడెక్కించుకోకుండా రాకెట్ పట్టను. మా బ్యాచ్‌లో అందరూ నలభై దాటినవాళ్లే, చెప్తే వింటారా, "నీకు దిష్టి తగిలిందన్నా, మాకేం కాదు" అంటారు. ఒకాయన మాత్రం మొన్నొక రోజు పక్కకు పిలిచి, పొద్దున లేవగానే మడమ పట్టేస్తోందని మెల్లగా చెప్పాడు. మెట్టు చూపించాను.

2026 జనవరిలో మేడారం జాతర. బయల్దేరే ముందు షాపులో కాటా మీద నిలబడ్డాను, 76 చూపించింది. ఎనిమిది కిలోల బెల్లం మిగిలిందని సంబరపడ్డాను. మా ఆవిడ ఒప్పుకోలేదు, మొక్కింది 84 ఉన్నప్పుడు కదా, అమ్మ దగ్గర లెక్కలు తగ్గిస్తారా అంది. హమాలీ నవ్వుకుంటూ ఇంకో దిమ్మ కాటా మీద పెట్టాడు.