గుజరాతీ గల్లీలో నేర్చుకున్న ఓడ వైరింగ్

ఓడలో విద్యుత్, ఎలక్ట్రానిక్ పరికరాలు చూసే ఎలక్ట్రో టెక్నికల్ ఆఫీసర్ ఓరల్‌కు, అంటే మౌఖిక పరీక్షకు చదువుతున్న మిత్రులకు ముందే చెబుతున్నాను, నేను మొదటిసారి తప్పాను. తప్పింది ఏఐఎస్ దగ్గరే, అంటే ఓడ తన పేరు, స్థానం, దిశ చుట్టుపక్కల ఓడలకు రేడియోలో చెప్పే పెట్టె దగ్గరే. ట్రైనీగా ఓడ మీద ఉన్నన్నాళ్లూ ఆ పెట్టె వెనక వైపు ఎలా ఉంటుందో చూడలేదు. పనిచేస్తున్నదాన్ని కదపవద్దన్నారు, నేనూ బుద్ధిగా చేతులు కట్టుకున్నాను.

పరీక్షలో మాత్రం ఓడల భద్రతకు సంబంధించిన అంతర్జాతీయ ఒప్పందం సోలాస్‌లోని అయిదో అధ్యాయం, 19వ నిబంధన గడగడా అప్పజెప్పాను. 161.975, 162.025 మెగాహెర్ట్జ్, క్లాస్ ఏ పరికరానికి 12.5 వాట్లు, నిమిషానికి ఒక్కో ఛానల్‌లో 2,250 స్లాట్లు, అంటే ప్రసారానికి కేటాయించే సమయపు ముక్కలు... అన్నీ నోటికి వచ్చు. ఎగ్జామినర్ ఓపికగా విని, “సరే, తెర మీద గైరో దిక్సూచి చెప్పే దిశ రావడం లేదు. మల్టీమీటర్ పట్టుకుని ఎక్కడికి వెళతావు?” అన్నారు. నేను మళ్లీ 19వ నిబంధన దగ్గరికే వెళ్లాను.

హైదరాబాద్ తిరిగివచ్చాక చిక్కడపల్లి గదిలో నోట్సు ముందేసుకుంటే విసుగు పుట్టింది. హుస్సేన్ సాగర్ పడవలను చూసి ఏఐఎస్ నేర్చుకోలేం కదా! కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి ఒక జీపీఎస్ మాడ్యూల్, జంట తీగల మీద సంకేతాలు పంపే చిప్పున్న రెండు మ్యాక్స్485 బోర్డులు, ఒక యూఎస్‌బీ సీరియల్ కన్వర్టర్, రెండు మీటర్ల మెలి తీగ కొన్నాను. ఓడలో సెన్సర్లన్నీ ఏఐఎస్‌తో మాట్లాడేది ఇలాంటి జంట తీగల మీదే. చెప్పేది టాకర్, వినేది లిజనర్. వేగం మామూలుగా 4,800 బాడ్, అంటే సెకనుకు అన్ని బిట్లు, వేగవంతమైన పోర్టులకైతే 38,400.

మాడ్యూల్‌ను 4,800కు మార్చి, స్థానం, వేగం, సమయం చెప్పే ఆర్‌ఎంసీ అనే ఒక్క వాక్యం (సమాచార వరుస) మాత్రమే ఉంచి, రెండు బోర్డుల మీద ఏ, బి అని రాసిన కాళ్లను ఏ కు ఏ, బి కి బి కలిపాను. లాప్‌టాప్‌లో డాలర్ గుర్తుతో వరుసలు చక్కగా దిగాయి. సంబరపడి మల్టీమీటర్ పెట్టాను. అక్కడే చిక్కుకున్నాను. లైన్ ఖాళీగా ఉన్నప్పుడు బి తో పోలిస్తే ఏ రుణాత్మకంగా ఉండాలని ఓడ పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడే ప్రమాణం ఎన్‌ఎంఈఏ 0183 చెబుతుంది. నా మీటరులో ఏ ధనాత్మకం! వాక్యం వెళ్లిన ప్రతిసారీ అంకె వణికి, మళ్లీ అదే ధనాత్మకం దగ్గర నిలబడుతోంది. రెండు సాయంత్రాలు మీటరునే అనుమానించాను. తీరా చూస్తే, ఆ చిప్పు మీద ఏ అని రాసిన కాలు ప్రమాణంలోని బి. నా రెండు చివరలా అదే చిప్పు ఉండబట్టి తప్పు బయటపడలేదు. ఓడలో ఒక వైపు ఇలాంటి కన్వర్టర్, మరో వైపు ఎన్‌ఎంఈఏ పోర్టు ఉంటే, అక్షరాలు చూసి కలిపినవాడికి తెర మీద చెత్తే వస్తుంది.

తర్వాత కావాలనే తీగలు తారుమారు చేశాను, చెత్త వచ్చింది. సరిచేసి వేగం మార్చాను, మళ్లీ చెత్తే. చూపుకు రెండూ ఒకటే. తేడా చెప్పేది మీటరే. ఖాళీ లైనులో ధ్రువత సరిగా ఉంటే తీగలను వదిలేసి వేగం సెట్టింగు చూడాలి. అసలు వోల్టేజీ కదలకపోతే టాకర్ దగ్గరికి, అంటే గైరో వైపు నడవాలి. పాత గైరో అయితే సింక్రో లేదా స్టెప్పర్ అనే పాత తరహా విద్యుత్ సంకేతాన్ని, దిశ చెప్పే హెచ్‌డీటీ వాక్యంగా మార్చే పెట్టె ఒకటి మధ్యలో ఉంటుంది, దాని ఫ్యూజు కూడా చూడాలి.

రెండోసారి గైరో ఊసే రాలేదు. ఏఐఎస్ లోపలే జీపీఎస్ ఉండగా ఓడ జీపీఎస్‌ను ఎందుకు కలుపుతారని అడిగారు. లోపలిది ముఖ్యంగా స్లాట్ల సమయం పట్టుకోవడానికి, బయటిది పోయినప్పుడు స్థానం ఇవ్వడానికి అన్నాను. రేవు పైలట్ తన లాప్‌టాప్ కలుపుకునే పైలట్ ప్లగ్ గురించి అడిగితే ఏ పిన్ను దేనికో, 1, 4 ప్రసారానికి, 5, 6 స్వీకారానికి, 9 షీల్డుకు అని కాగితం మీద గీశాను. ఏఐఎస్ ఆఫ్ అయినా అలారం రిలే ఎందుకు మోగిస్తుందో కూడా అడిగారు. కరెంటు పోగానే రిలే వదిలేసి అలారం స్థితికే వస్తుంది కాబట్టి అన్నాను. యాంటెన్నాల మాట రెండు నిమిషాల్లో ముగిసింది.

పాసయ్యాను. ఆ బోర్డులు ఇప్పుడు మా గదిలో ఉండే తమ్ముడి దగ్గర ఉన్నాయి. ఏ మీద బి అని, బి మీద ఏ అని నేను అంటించిన కాగితం ముక్కలు మాత్రం పీకవద్దని చెప్పాను.