ఏడు సాఫ్ట్‌వేర్లూ ఒక వెలాసిటీ

దిద్దిపెట్టమని పెద్దక్క పంపిన బుజ్జిగాడి బయోడేటా ఇంకా ఎదురుగానే ఉంది. ఎమ్మెస్సీ జియోఫిజిక్స్, గేట్‌లో జీజీ (జియాలజీ, జియోఫిజిక్స్) పేపరు, బానే ఉన్నాయి. ఆ కింద వరసగా 7 సాఫ్ట్‌వేర్ల పేర్లు. వెలాసిటీ పికింగ్ ఊసే లేదు, అంటే భూమిలోకి పంపితే పొరల్ని తాకి వెనక్కొచ్చిన తరంగాల రికార్డు చూసి వాటి వేగాన్ని ఎంచుకునే పని. వంటమనిషి గిన్నెలన్నీ ఏకరువు పెట్టి ఉప్పు మాటెత్తనట్టుంది.

చమురు కంపెనీలో కొత్తగా చేరినవాళ్లు బోర్లాపడేది సరిగ్గా అక్కడే. ఏ సమయానికి ఏ వేగం సరిపోతుందో మెరుపుగా చూపే సెంబ్లెన్స్ పటంలో ఎక్కడ బాగా మెరిస్తే అక్కడ నొక్కుకుంటూ పోతారు. లోతుకి వెళ్లేకొద్దీ ఆ మెరుపు చాలాసార్లు మల్టిపుల్‌ది, అంటే పై పొరల్లోనే రెండు మూడుసార్లు ఎగిరిపడి ఆలస్యంగా చేరిన తరంగానిది. తిరిగిందంతా నెమ్మది పొరల్లో కాబట్టి దాని వెలాసిటీ తక్కువ. ఆ వేగాన్నే పట్టుకుని సరిదిద్దితే గేదర్‌లో, అంటే ఒకే చోటి నుంచి తిరిగొచ్చిన గీతల కట్టలో, మల్టిపుల్ బల్లపరుపుగా పడుకుంటుంది, అసలు ప్రతిబింబం దూరపు ఆఫ్‌సెట్ల దగ్గర (తరంగం పుట్టించిన చోటికి దూరంగా అందుకున్న గీతల్లో) తోక పైకెత్తుతుంది. ఆ గీతలన్నీ ఒకటిగా కలిపి స్టాక్ చేశాక దొంగ నిలుస్తాడు, దొర చెరిగిపోతాడు.

సరే, మల్టిపుల్‌ని తప్పించుకున్నారనుకుందాం. తరంగం పోయి రావడానికి 2 సెకన్లు, సగటు వేగం సెకనుకి 2500 మీటర్లు అయితే లోతు 2500 మీటర్లు. వేగంలో 2 శాతం తేడా వచ్చిందా, లోతు 50 మీటర్లు జారుతుంది. 20 మీటర్ల ఇసుకరాయి కోసం తవ్వే బావికి అది మాటలా!

ఇవన్నీ ఉద్యోగమే నేర్పాలి, యూనివర్సిటీ వల్ల కాదు అని తిట్టడానికే కూర్చున్నాను. ఇంతలో ఎండర్స్ రాబిన్సన్ అడ్డొచ్చాడు. 1950ల మొదట్లో ఎంఐటీలో విద్యార్థి. కాగితం మీది సీస్మిక్ (భూమిలోంచి వచ్చిన తరంగాల) గీతల్ని కొలిచి అంకెలుగా మార్చి, గణితవేత్త నార్బర్ట్ వీనర్ సిద్ధాంతంతో ప్రతిధ్వనుల్ని విడదీశాడు. అదే డీకన్వల్యూషన్, 1954 నాటి థీసిస్. అక్కడ ఆయన పనిచేసిన బృందానికి డబ్బు చమురు కంపెనీలదే. తర్వాత ఆయన కంపెనీలకీ క్లాసురూములకీ మధ్య తిరుగుతూనే గడిపాడు. ఇక ఉద్యోగానికీ యూనివర్సిటీకీ మధ్య నేను గీసిన గీత ఎక్కడ నిలుస్తుంది? తప్పు కాలేజీది కాదేమో, బయోడేటాది.

చివర్లో చిన్నక్షరాల్లో ఒక వాక్యం: కోనసీమ వరిచేలల్లో నేల కదలికని పట్టే జియోఫోన్లు పాతాడట. దాని కింది మేకు నిటారుగా, గట్టిగా దిగకపోతే హై ఫ్రీక్వెన్సీలు అక్కడే పోతాయి. పక్కనే కొబ్బరిచెట్టుంటే గాలికి అది ఊగిన ఊపంతా వేళ్లగుండా రికార్డులోకి. వాడికిది తెలుసన్నమాట.

ఆ వాక్యాన్ని అన్నిటికంటే పైకి జరిపాను. 7 సాఫ్ట్‌వేర్లూ అలాగే ఉంచాను, తీస్తే అక్క ఊరుకోదు.