చిబా స్టేడియంలో 17 నంబర్ జెర్సీ

జపాన్‌లోని చిబాలో బేస్‌బాల్ మ్యాచ్, ఏడో ఇన్నింగ్స్. సముద్రం మీంచి వచ్చే గాలికి బంతి గాల్లోనే దారి మార్చుకుంటోంది, చుట్టూ అందరూ నిలబడి పాడుతున్నారు, నా కళ్లు మాత్రం ముందు వరుసలో ఉన్న పిల్లాడి జెర్సీ మీదే ఉన్నాయి. సాసాకి, 17. ఉతికి ఉతికి ఆ అంకెల అంచులు పెచ్చులు లేచిపోయాయి.

ఇక్కడి క్లబ్ లొట్టేకి పిచర్‌గా ఆడిన రోకి సాసాకి ఇప్పుడు అమెరికాలో డాడ్జర్స్ ఆటగాడు. 2022 ఏప్రిల్‌లో ఇదే గ్రౌండ్‌లో, ఇరవై ఏళ్లకే, పర్‌ఫెక్ట్ గేమ్ వేశాడు, అంటే ప్రత్యర్థుల్లో ఒక్కరినీ బేస్ చేరనివ్వలేదు. వరసగా 13 మందిని స్ట్రైక్ అవుట్ చేశాడు!

అమెరికా వెళ్లొద్దని ఎవరినీ అనను, పెద్ద వేదిక మీద ఆడాలని ఎవరికుండదు? కానీ ఇంకో పిచర్ యమమోతో వెళ్లినప్పుడు అతని జపాన్ క్లబ్ ఒరిక్స్‌కి అమెరికా క్లబ్ నుంచి 5 కోట్ల డాలర్లకి పైగా వచ్చాయి, సాసాకికి 25 నిండలేదు కాబట్టి రూల్ ప్రకారం లొట్టేకి దక్కింది పదహారు లక్షల పైచిలుకు. పెంచి పెద్దచేసిన క్లబ్‌కి ఇది అన్యాయమే.

అందుకే జపాన్ లీగ్ కూడా బయటికి చూడాలి. 1958 నుంచి జట్ల సంఖ్య 12 దగ్గరే ఉండిపోయింది. 2024లో నీగాతా, షిజువోకా జట్లకి చోటిచ్చారు గానీ అది రెండో అంచె లీగ్‌లోనే. ఆ ఊళ్లని పైకి తేవాలి, కొరియా, తైవాన్ జట్లతో పాయింట్ల పట్టికలో లెక్కకొచ్చే మ్యాచ్‌లు పెట్టాలి, ఫ్రెండ్లీలు కాదు. అలాంటి మ్యాచ్ పెడితే తైపే దాకా వెళ్లడానికి నేను రెడీ, ఎవరొస్తారో చెప్పండి.