ఘాట్ ఎక్కితేనే వేడెక్కే మారుతి

బండి వేడెక్కుతోందని చెప్పగానే చాలామంది మెకానిక్‌లు ఏ పార్టు మార్చాలా అని ఆలోచిస్తారు. నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది అది ఎక్కడ వేడెక్కుతోంది, ఎప్పుడు వేడెక్కుతోంది అన్నది.

మాది మావయ్యగారి పాత మారుతి 800. కార్బురేటర్ మోడల్, 796 సీసీ, మూడు సిలిండర్లు. ఆయనకు కంటి ఆపరేషన్ అయ్యాక నా చేతికొచ్చింది. విశాఖలో ఎన్‌ఏడీ జంక్షన్ ట్రాఫిక్‌లో ఎంతసేపు ఇరుక్కున్నా ఇంజన్ వేడి చూపించే ముల్లు సగం దాటేది కాదు. ఇంజన్ నీళ్లని చల్లార్చే రేడియేటర్ దగ్గరి ఫ్యాన్ గుయ్యిమని తిరిగేది, కాసేపటికి దానంతటదే ఆగేది. అదే అడవివరం వైపు నుంచి సింహాచలం ఘాట్ రోడ్డెక్కామా, నాలుగు మలుపులు తిరిగేసరికి ముల్లు పైకి పాకేది. ఆనందపురం వైపు హైవే మీద గట్టిగా తొక్కినా అదే తంతు.

ఇక్కడే సగం సంగతి తెలిసిపోతుంది. బండి ఆగి ఉన్నప్పుడు రేడియేటర్‌కి గాలి ఇచ్చేది ఫ్యాన్ ఒక్కటే. తప్పు ఫ్యాన్‌దైతే ముల్లు ట్రాఫిక్‌లోనే లేవాలి. హైవే మీద ఎదురుగాలి కావలసినంత తగులుతున్నా వేడెక్కుతోందంటే గాలి లోటు కాదు. ఇంజన్ ఎక్కువ పని చేసినప్పుడు పుట్టే వేడిని నీళ్లు బయటికి తెచ్చి వదిలెయ్యలేకపోతున్నాయన్నమాట.

ఇదంతా మా మెకానిక్‌తో చెబితే ఓపిగ్గా విన్నాడు. విని, "థర్మోస్టాట్ పీకేద్దాం మేడం, ఏటీ అవ్వదు. మనూర్లో చలెక్కడుంది?" అన్నాడు. థర్మోస్టాట్ అంటే ఇంజన్ వేడెక్కాకే నీళ్లని రేడియేటర్‌లోకి వదిలే వాల్వు. మన దగ్గర అది లేకుండా తిరిగే పాత బండ్లు బోలెడు. తీసేస్తే ఇంజన్ సరైన వేడికి రావడానికి చాలాసేపు పడుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, అసలు జబ్బు అలాగే ఉంటుంది. పీకమన్నాను, కానీ ఇంటికి తెచ్చుకున్నాను. గిన్నెలో నీళ్లు పోసి, దాన్ని దారంతో అడుగు తగలకుండా వేలాడదీసి, కేకుల కోసం కొన్న థర్మామీటర్ పక్కన పెట్టి స్టవ్ వెలిగించాను. థర్మోస్టాట్ మీద 82 అని అచ్చు ఉంది, అన్ని డిగ్రీలకి తెరుచుకోవడం మొదలవ్వాలని. 80 దాటిన కాసేపటికి వాల్వు అంచున వెంట్రుకవాసి సందు కనిపించింది, నీళ్లు తెర్లేలోపు పూర్తిగా తెరుచుకుంది. మావయ్యగారు కళ్లద్దాలు సర్దుకుని వంగి చూసి, "నిక్షేపంలా ఉందమ్మా, వాడి మాట వినకు" అన్నారు.

హెడ్ గ్యాస్కెట్ (సిలిండర్లలోని గ్యాసు, నీళ్లు, ఆయిల్ ఒకదాంట్లోకి ఒకటి పోకుండా ఆపే పొర) పోయిందేమోనన్న టెన్షన్ మాత్రం ఉంది, ఎందుకంటే అది పెద్ద ఖర్చు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేసి చూశాం, ఆగకుండా బుడగలు రాలేదు. ఆయిల్ మూత కింద మీగడలాంటి నురగ లేదు, సైలెన్సర్‌లోంచి తెల్లపొగ లేదు. హమ్మయ్య అనుకున్నాం. (వేడి బండికి మాత్రం ఎవరూ మూత తియ్యకండి. లోపల ఒత్తిడి వల్ల నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి. మూత వదులైన మరుక్షణం ఒక్కసారిగా ఆవిరై మొహం మీదికి చిమ్ముతాయి.)

అసలు దొంగ చేతికి తగిలింది. బండిని బాగా తిప్పి తెచ్చి, తాళం తీసేసి, ఫ్యాన్ కనెక్టర్ కూడా ఊడదీసి, రేడియేటర్ మీద పై నుంచి కిందికి అరచెయ్యి జాగ్రత్తగా ఆనించి చూశాను. పైభాగం చురుక్కుమంది. కింద ఎడమవైపు జానెడు మేర చెయ్యి పెట్టి ఉంచేంత చల్లగా ఉంది. అంటే అక్కడి గొట్టాల్లోకి వేడినీళ్లు వెళ్లడమే లేదు. ట్రాఫిక్‌లో తక్కువ వేడికి మిగిలిన భాగం సరిపోతోంది, కొండెక్కేటప్పుడు సరిపోవడం లేదు.

కంచరపాలెంలో రేడియేటర్లు బాగుచేసే ముసలాయన పై ట్యాంకు అతుకు కరిగించి ఊడదీసి చూపించాడు. గొట్టాల నోళ్లు తెల్లగా, గట్టిగా పూడుకుపోయి ఉన్నాయి. మా గీజర్ కాయిల్‌కి పట్టే తెల్లటి పొర లాంటిదే. "బోరు నీలు పోసీవారా అమ్మా?" అని ఒక్కటే అడిగాడు. మేముండేది పెదవాల్తేరు, బోరు నీళ్లు నోట్లో పోసుకుంటే ఉప్పగా ఉంటాయి. మావయ్యగారు ఏళ్ల తరబడి పొద్దున్నే మొక్కలకీ, కారుకీ ఒకే మగ్గుతో పోసేవారు. ఆయన ఏమీ అనలేదు, నేనూ అనలేదు.

సన్నటి ఇనుప పట్టీ ఒక్కో గొట్టంలోకి దూర్చి పొడిచి, కడిగి, మళ్లీ అతికించి ఇచ్చాడు. థర్మోస్టాట్ తిరిగి బిగించాం. కూలెంట్ సగం, బ్యాటరీ నీళ్లు (బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్) సగం కలిపి పోశాం. మెకానిక్ ఇంకా ఒప్పుకోలేదు, ఘాట్ పైదాకా తనే నడుపుతానన్నాడు. పైన పార్కింగ్‌లో ముల్లు సగానికి కాస్త పైన నిలబడింది. ఇప్పుడు డిక్కీలో బ్యాటరీ నీళ్ల సీసా ఉంటోంది. నీళ్లకి కూడా డబ్బులేంటని మావయ్యగారు గొణుగుతూనే ఉన్నారు.