ఇనుప రథాలు, ఒక బహువచనం

పోయిన ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నాలకు కూర్చున్నామో లేదో, మా అక్క కొడుకు మొదలుపెట్టాడు.

"తాతయ్యా, మీ దేవుడికి ఇనుప రథాలంటే భయమట కదా!"

నాన్నకు 79 ఏళ్లు. 1842లో హయ్యర్ దొర గుంటూరులో మొదలుపెట్టిన లూథరన్ మిషన్ బడుల్లో అక్షరాలు దిద్దిన కుటుంబం మాది. ఇలాంటి మాటకు ఆయన కోప్పడతారని కొత్తవాళ్లు అనుకుంటారు. కోప్పడరు. చేతిలోని ముద్ద పళ్లెంలో పెట్టి, "ఎక్కడ ఉందిరా?" అన్నారు. వీళ్లిద్దరికీ ఇది అలవాటే. క్రిస్మస్‌కు బైబిల్లోని సమూయేలు మొదటి గ్రంథం 15వ అధ్యాయం నడిచింది. సౌలును ఇశ్రాయేలీయులకు రాజుగా చేసినందుకు దేవుడు పశ్చాత్తాపపడుతున్నానంటాడు 11వ వచనంలో. పశ్చాత్తాపపడడానికి ఆయన నరుడు కాడంటాడు సమూయేలు ప్రవక్త 29వ వచనంలో. ఆ రోజు ఇద్దరూ తామే గెలిచామనుకొని లేచారు.

ఈసారి న్యాయాధిపతుల గ్రంథం 1:19. దేవుడైన యెహోవా ఇశ్రాయేలు గోత్రాల్లో ఒకటైన యూదావారికి తోడుగా ఉన్నాడు, వాళ్లు కొండ ప్రాంతాన్ని పట్టుకున్నారు, మైదానంలో ఉన్నవాళ్లను మాత్రం వెళ్లగొట్టలేకపోయారు, ఎందుకంటే వాళ్లకు ఇనుప రథాలున్నాయి. మావాడు ఫోనులో 1611 నాటి ఇంగ్లీషు బైబిల్ తీసి చూపించాడు. అందులో కర్త ఏకవచనం. "వెళ్లగొట్టలేకపోయింది దేవుడే" అని వాడి వాదన.

ఇక్కడ నేను నోరు ఊరుకోలేక దిగాను. బడిలో తెలుగు చెప్పేదాన్ని, క్రియ మీద ఎవరైనా చేయి వేస్తే సహించలేను. నాన్న పాత బైబిల్ తెచ్చి చూపించాను. "వెళ్లగొట్టలేకపోయిరి." బహువచనం. గౌరవానికి వాడిన బహువచనం అనడానికీ వీల్లేదు. మన పాత అనువాదంలో దేవుడు ఎప్పుడూ "పలికెను", "చేసెను" అనే ఉంటాడు, "పలికిరి" అని ఎక్కడా ఉండడు. కాబట్టి ఓడింది యూదావారే. ఇంగ్లీషులో చేసుకోగలిగిన తగువు తెలుగులో ఒక్క ప్రత్యయంతో ముగిసిపోయింది.

"అది అనువాదకుడి తీర్పు పిన్నీ, మూలం సంగతి చెప్పు" అన్నాడు వాడు. న్యాయమే. మూలంలోనూ ఆ ఏకవచనం యూదాదే, గోత్రాన్ని ఒక మనిషిగా చెప్పడం హీబ్రూ పద్ధతి అన్నారు నాన్న. ఇంకో చిత్రం ఏమిటంటే, ఆ హీబ్రూ వాక్యంలో "లేకపోవడం" అనే క్రియే లేదట. "వెళ్లగొట్టడానికి కాదు" అన్నట్టు కుంటుతూ ఉంటుంది. చదివేవాళ్లు ఖాళీ పూరించుకోవాలి.

"సరే, ఓడింది వాళ్లే. తోడుగా ఉన్నవాడు ఏం చేస్తున్నట్టు?"

నాన్న దీనికి అదే గ్రంథంలో నాలుగో అధ్యాయం తీశారు. శత్రు సేనాధిపతి సీసెరాకు 900 ఇనుప రథాలు. అయినా ఇశ్రాయేలీయులను నడిపించిన దెబోరా, బారాకుల ముందు చెల్లాచెదురయ్యాడు, రథం దిగి కాలినడకన పారిపోయాడు. ఐదో అధ్యాయంలోని పాటలో కీషోను వాగు వాళ్లను కొట్టుకుపోయిందని ఉంటుంది. వాగు పొంగి నల్లరేగడి బురద అయితే ఇనుప చక్రం ఏమవుతుందో మా పల్నాడు రైతునడిగినా చెబుతాడు. కాబట్టి రథాలు దేవుడికి అడ్డం కావు, మొదటి అధ్యాయంలో తప్పు జనానిదే, రెండో అధ్యాయంలో దేవుడి దూత వచ్చి మాట వినలేదని తిట్టింది అందుకే అన్నారు.

నాకైతే ఇది సగమే నచ్చింది. దూత చెప్పిన కారణం రెండో అధ్యాయంలో ఉంది. ఈ వచనం మాత్రం కారణం రథాలే అని తెగేసి చెబుతోంది. మావాడూ అదే అన్నాడు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. కోడికూర చల్లారిపోయింది.

అప్పుడు నాన్న నవ్వి, "న్యాయాధిపతుల్లో నీ పప్పు ఉడకదు గానీ, మార్కు సువార్త ఆరో అధ్యాయం అయిదో వచనం తియ్యి" అన్నారు.

సొంత ఊరు నజరేతులో యేసు. కొద్దిమంది రోగుల మీద చేతులుంచి బాగుచేయడం తప్ప మరే అద్భుతమూ అక్కడ "చేయజాలకపోయెను." ఏకవచనం. కర్త ఎవరో సందేహం లేదు. ఇదే సంగతిని మత్తయి తన సువార్త 13:58లో అనేక అద్భుతాలు "చేయలేదు" అని రాశాడు. చేయలేదు అంటే పని జరగలేదని మాత్రమే, జాలకపోయెను అంటే శక్తి చాలలేదని. ఎనిమిదో తరగతి పిల్లలకు నేను చెప్పే తేడా ఇదే. మత్తయి మార్కును ముందు పెట్టుకొని రాశాడని చాలామంది పండితులంటారు. అదే నిజమైతే ఆ మాట ఆయనకూ గొంతు దిగలేదన్నమాట.

మావాడు ఫోను పక్కన పెట్టేశాడు. తాను తెచ్చిన దానికంటే గట్టి రాయిని తాతయ్యే చేతికిస్తాడని వాడు అనుకోలేదు.

"మరి దీనికి మీ జవాబు ఏమిటి తాతయ్యా?"

"నలభై ఏళ్లు సండే స్కూలు చెప్పానురా. ఒక్క ఏడాది కూడా పిల్లలకు ఆ వచనం కంఠస్థానికి ఇవ్వలేదు" అని, నా వైపు తిరిగి పెరుగు అడిగారు.