సీజే-3బీ జీపు పని: పెట్రోలు ప్రెషర్ గేజీ బిగించడం

మా కోనసీమలో ఈ పాత మహీంద్రా జీపుల్లో చాలావాటికి పెట్రోలు ఇంజన్ పీకేసి డీజిల్ వేసేశారు. మా తాతగారి దానికి మాత్రం ఆ నాలుగు సిలిండర్ల హరికేన్ ఇంజనే మిగిలింది. దాని మెకానికల్ పంపు డయాఫ్రమ్ చిరిగితే కిందటి నెల ఎలక్ట్రిక్ పంపు పెట్టాను. అప్పట్నుంచీ ఒకటే గోల. అయిదు నిమిషాలు తిరిగేసరికి కార్బరేటర్ పొంగడం, నల్ల పొగ, పెట్రోలు వాసన. కార్బరేటర్లో పెట్రోలు మట్టం చూసే ఫ్లోట్ రెండుసార్లు సర్దాను, మట్టం నిండాక పెట్రోలు ఆపే నీడిల్ మార్చాను. చివరికి మెకానిక్ బాబాయి అడిగేశాడు: "పంపు ఎంత తోస్తుందో చూడకుండా కార్బరేటర్ని తిడతావేంట్రా?"

సరే, గేజీ. ఈ ఇంజన్‌కి మాన్యువల్ చెప్పేది రెండున్నర నుంచి మూడు ముప్పావు పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌన్లలో ప్రెషర్). అంత చిన్న అంకె చదవాలంటే 0-15 గేజీ కావాలి. ఇంజెక్షన్ బళ్లకి అమ్మే 0-100 గేజీలో మూడు పీఎస్ఐకి ముల్లు కదిలిందో లేదో కూడా తెలీదు. అమలాపురంలో చూపించినవన్నీ 7 కేజీలవి, 10 కేజీలవి. ఒక కేజీ (చదరపు సెంటీమీటరుకి) అంటేనే 14.2 పీఎస్ఐ కాబట్టి అవి మనకి పనికిరావు, ఆన్‌లైన్లో తెప్పించాను. గ్లిజరిన్ నింపింది తీసుకోలేదు. దాంట్లో ముల్లు వణకదు, నిజమే. కానీ బానెట్ కింద వేడికి గ్లిజరిన్ ఉబ్బి, డబ్బా లోపల ప్రెషర్ పెరిగి, ముల్లు ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. ఇంత చిన్న రేంజిలో ఆ తేడా చిన్నది కాదు.

డాష్‌బోర్డు మీద పెడితే అందంగానే ఉంటుంది. అయితే ఈ రకం గేజీలోకి పెట్రోలే నేరుగా వస్తుంది. గొట్టం ఊడిందంటే పెట్రోలు ఒళ్లో పడుతుంది. లోపల కావాలనుకునేవాళ్లు సెండర్ (ప్రెషర్ని కరెంటు సిగ్నల్‌గా పంపే ముక్క), వైరు ఉన్న ఎలక్ట్రిక్ గేజీ కొనుక్కోవాలి. నేను బానెట్ కింద ఫైర్‌వాల్‌కి (ఇంజన్‌కీ మనం కూర్చునే చోటుకీ మధ్య రేకు గోడ) స్టీలు పట్టీ వేసి బిగించాను. మామూలు ఇనుప పట్టీ అయితే మా ఉప్పుగాలికి తుప్పే. ఇంజన్ మీద నేరుగా బిగిస్తే అదురుకి ఇత్తడి నిపుల్ విరుగుతుంది, అందుకని మధ్యలో జానెడు హోసు. ఇప్పుడు బంకుల్లో ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే కాబట్టి, దానికి తట్టుకునే హోసే వేశాను.

తప్పు చేసింది టీ (గేజీని లైనులో కలిపే మూడు మూతుల జాయింటు) దగ్గర. రాజమండ్రిలో కొన్న టీకి బీఎస్‌పీ (బ్రిటిష్) మర, గేజీకి ఎన్‌పీటీ (అమెరికన్) మర. అరపావు ఇంచీ సైజులో ఒకదానికి ఇంచీకి 28 చుట్లు, రెండోదానికి 27. మొదటి రెండు చుట్లూ వెన్నలా ఎక్కాయి. మూడోదానికి బిగిసింది. స్పానరు వేసి తిప్పేశాను. పంపు ఆన్ చేయగానే మర సందులోంచి చెమట పట్టినట్టు తడి, కాసేపటికి బొట్టు. టెఫ్లాన్ టేపు చుట్టేద్దామనిపించింది గానీ, దాని పీలిక ఒకటి నీడిల్ సీటులో ఇరుక్కుంటే మళ్లీ మొదటికే. లేత్ షాపులో ఎన్‌పీటీ మరతో కొత్త ఇత్తడి టీ చేయించి, పెట్రోలుకి కరగని సీలెంట్ పూసి బిగించాను.

వరస ఇది: పంపు, ఫిల్టరు, ప్రెషర్ తగ్గించే రెగ్యులేటరు, గేజీ ఉన్న టీ, కార్బరేటరు. రెగ్యులేటరు పూర్తిగా తెరిచి చూస్తే ముల్లు ఆరున్నర దగ్గర నిలబడింది. పాపం, కార్బరేటర్ తప్పేమీ లేదు! స్క్రూ కొద్దికొద్దిగా వదులు చేస్తూ, ఇంజన్ ఐడిల్లో ఉండగా మూడుకి తెచ్చాను. పొంగడం ఆగింది. ఇంజన్ ఆపాక ముల్లు మెల్లగా నాలుగు దాటింది. కంగారుపడ్డాను గానీ, అది లైనులో చిక్కుకున్న పెట్రోలు వేడికి వ్యాకోచించడమే. చల్లారాక దిగింది.

అమెరికాలో కొందరు రేసు బళ్లవాళ్లు అద్దం బయట కౌల్ (బానెట్‌కీ అద్దానికీ మధ్య రేకు) మీద గేజీ పెడతారు. ఒక్క పూటకి పొడుగు హోసుతో నేనూ అలాగే కట్టి, గన్నవరం అక్విడక్టు దాకా వెళ్లొచ్చాను. మామూలుగా మూడు దగ్గరే ఉంది. యాక్సిలరేటరు పూర్తిగా తొక్కితే మాత్రం రెండుకి పడుతోంది. ఇంటికొచ్చి ఫిల్టరు విప్పితే అడుగున ఎర్ర మట్టిలాంటి తుప్పు. వచ్చే ఆదివారం ట్యాంకు దించాలి.